పదిహేడో మైనపు గొట్టం

దయ్యాలున్నాయని నేను ఏనాడూ నమ్మలేదు. గద్వాలలో దయ్యం తిరుగుతుందని పేరుపడ్డ ఇంట్లో మూడేళ్లు ఉన్నాను. ఆ మూడేళ్లలో రెండు తేళ్లు, ఒక కట్లపాము కనిపించాయి. అంతకు మించి లెక్కకు వచ్చిందేమీ లేదు.

నా వయసు యాభై నాలుగు. చదివింది ఏడో తరగతి. లెక్కలు సొంతంగా నేర్చుకున్నాను. నేతగాళ్లకు లెక్క కట్టి ఇవ్వడం నా పని. ఇంత వెడల్పు చీరకు పడుగులో ఎన్ని పోగులు ఉండాలి, అంచుకు ఎన్ని వదలాలి, అంచులో హంస రావాలంటే గళ్ల కాగితం మీద ఏ గళ్లు నింపాలి, ఇట్లాంటివి. ఒక్క పోగు తప్పితే హంస మెడ వంకరపోతుంది. అందుకని ఏదీ రెండుసార్లు లెక్కపెట్టకుండా రాయను. ఇది కూడా అట్లాగే రాస్తున్నాను.

ముందు నా భార్య సరోజ గురించి చెప్పాలి. లేకపోతే తర్వాతది అర్థం కాదు.

మా ఇంట్లో మగ్గానికి కొత్త పడుగు అతికేది సరోజే. పాత పడుగు చివరలు మగ్గంలోనే ఉంటాయి. కొత్త పడుగు పోగుల్ని ఒక్కొక్కటిగా వాటికి మెలిపెట్టాలి. వేళ్లకు బూడిద అద్దుకుని, తల వంచుకుని, గంటలకొద్దీ చేసే పని. తను పైకి లెక్కపెడుతూ అతికేది. నూట ఇరవై పోగులు కాగానే ఎర్రదారం ఒకటి గుర్తు కట్టేది. నూట ఇరవైని మేము పుంజం అంటాం.

తను కట్టిన ప్రతి పుంజంలోనూ ఒక పోగు ఎక్కువ ఉండేది. పెళ్లయిన మొదటి నెలలోనే నాకు కారణం తెలిసింది. గింజలు కొలిచేటప్పుడు మొదటి మానికను ఒకటి అనరు, లాభం అంటారు. ఆ తర్వాత రెండు, మూడు. ఇది అందరికీ తెలిసిందే. సరోజ పుట్టినిల్లు బల్మూర్ దగ్గర. వాళ్ల తాత కాలంలోనే మగ్గాలు వదిలి కౌలు సేద్యంలోకి దిగారు. వాళ్లింట్లో ఆ మొదటి మానిక దేవుడిది. పక్కన పెట్టేస్తారు. అందుకని లాభం తర్వాత ఒకటి నుంచి మొదలుపెడతారు. ఆ అలవాటును తను పోగుల మీదికి తెచ్చింది. లాభం, ఒకటి, రెండు, మూడు. నూట ఇరవై అనేసరికి చేతిలో నూట ఇరవై ఒకటి.

"నీ లెక్కల ఒక పోగు ఎక్కువొస్తుంది" అన్నాను ఒకసారి.

"ఎక్కువనే గద, తక్కువ గాదు గద. మొదటిది దేవునిది. దేవుని పోగును గూడ నీ కాగితంల రాసుకుంటవా?"

ఇరవై ఆరేళ్లు నేను కాగితం మీద పుంజానికి ఒక పోగు తీసేస్తూ వచ్చాను. తను మారలేదు.

ఇంకొకటి. అతికేటప్పుడు పోగు తెగితే తను నోటితో ఏమీ అనేది కాదు. ఎడమచేతి గాజును మగ్గం కట్టెకు రెండుసార్లు తగిలించేది. మొదటిది గట్టిగా, రెండోది మెల్లగా. పోగు సరిచేసి, అదే అంకె మళ్లీ చెప్పి ముందుకు పోయేది. పక్క గదిలో గళ్ల కాగితం ముందు కూర్చున్న నాకు ఆ చప్పుడును బట్టి నూలు మంచిదో కాదో తెలిసిపోయేది.

ఏడాదిన్నర కింద ఒక పొద్దున సరోజ గుండె ఆగి చనిపోయింది. దవాఖానకు తీసుకుపోయేంత సమయం కూడా ఇవ్వలేదు.

దానికి మూడు రోజుల ముందు నా ఫోన్ నిండిపోయింది. డిజైన్ ఫొటోలు దిగడం లేదు. ఏవి తీసేయాలో చూస్తే, సరోజ నాకు పంపిన గొంతు మెసేజీలు మూడు వందల నలభై ఉన్నాయి. పాలు తెమ్మని, జరీ వచ్చిందని, ఎక్కడున్నవని. ఇంట్లో ఉన్న మనిషి గొంతు ఫోన్‌లో ఎందుకనుకున్నాను. అన్నీ ఒకేసారి తీసేశాను. ఫొటోలకు చోటు దొరికింది.

తను పోయిన ఏడాదికి, ఒకరోజు అన్నం ముందు కూర్చుని, "ఏమయ్యా, బువ్వకు రా" అని తను పిలిచే తీరు గుర్తు చేసుకోబోయాను. మాటలు వచ్చాయి. గొంతు రాలేదు. మర్నాడూ రాలేదు. మనిషి ముఖం, చేతి మీది కాలిన మచ్చ, నడక అన్నీ ఉన్నాయి. గొంతు ఉండాల్సిన చోట ఖాళీ. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఎట్లా చెప్పాలో తెలియలేదు.

మా బిడ్డ మాధవి నాగర్‌కర్నూల్‌లో ఉంటుంది. మొన్న ఎండాకాలం చివర దాని దగ్గరికి బయలుదేరాను. వనపర్తిలో దిగేసరికి పదకొండూ ఇరవై. ముందు బస్సు అప్పుడే పోయింది, తర్వాతది ఒంటిగంటకన్నారు. నీడ చూసుకుంటూ నడుస్తుంటే ఒక పాత ఇంటికి చేత్తో రాసిన బోర్డు కనిపించింది. "పాత శబ్దాల మ్యూజియం. లోపలికి రండి." చేతిలో గంటా నలభై నిమిషాలున్నాయి. పోయాను.

లోపల డెబ్బై దాటిన పెద్దమనిషి ఒక్కడే కూర్చుని ఇత్తడి బాకాను గుడ్డతో తుడుస్తున్నాడు. పేరు ఖాజా సాబ్.

"రా తమ్మీ, చెప్పులు గీడ్నే ఇడువు. పెండ్లిండ్లకు మైక్‌సెట్టు కిరాయికిచ్చేటోణ్ణి నేను. నలభై ఏండ్లు ఈ ఊరి చెవులు పగలగొట్టిన. ఇగ ఇప్పుడు గీ పాత మిషన్లు తుడుసుకుంట పాపం కడుక్కుంటున్న."

మూడు గదులు. నలభై ఒక్క గ్రామఫోన్లు. లక్క రికార్డుల పళ్లేలు బీరువాల నిండా. వాటికంటే ముందు కాలానివి మూడు యంత్రాలు లోపలి గదిలో ఉన్నాయి. వాటికి పళ్లెం ఉండదు. మంచినీళ్ల గ్లాసంత మైనపు గొట్టాన్ని ఇరుసుకు తొడిగి, చేత్తో కీ ఇచ్చి తిప్పుతారు. గొట్టం మీద వెంట్రుకంత సన్నటి గీత చుట్టలు చుట్టలుగా ఉంటుంది. సూది ఆ గీతలో నడుస్తుంటే ఆ అదురు సన్నటి రేకుకు తగిలి, శబ్దంగా బాకాలోంచి బయటికి వస్తుంది. ఒక గొట్టంలో పట్టేది రెండు నిమిషాలే.

"కరెంటు లేని కాలం" అన్నాడు ఖాజా సాబ్. "పాడేటోళ్లు బాకాల మొఖం పెట్టి ఒర్లాలె. మెల్లగ పాడితే మైనం మీద గీత పడదు. మల్ల ఆడిచ్చినప్పుడల్ల సూది ఇంత మైనం గీకి పారేస్తది. ఎంత వింటే అంత అరుగుతది. అందుకే ఏడాదికి రెండుసార్లకు మించి ఏదీ పెట్ట."

తన దగ్గర పదహారు పాటల గొట్టాలున్నాయని చెప్పాడు. నేను అల్మరలో అట్టడబ్బాలు లెక్కపెట్టాను. మళ్లీ లెక్కపెట్టాను.

"పదహారంటిరి. పదిహేడున్నయి గద."

ఆయన నవ్వాడు. "ఇన్నేండ్లల్ల ఎవ్వడూ లెక్కపెట్టలే తమ్మీ. నువ్వే ఫస్టు. ఆ పదిహేడోది పాట గాదు. పాత సామాన్ల దుకాణంల మిగతా గొట్టాల తోటి కలిసొచ్చింది. ఇనాలంటవా? ఈ ఏడు దాన్ని పెట్టనే లేదు."

బస్సుకు ఇంకా యాభై నిమిషాలుంది. వింటానన్నాను.

మొదట నూనెలో ఆవాలు చిటపటలాడినట్టు శబ్దం. దాని వెనక, చాలా దూరం నుంచి, ఒక ఆడమనిషి గొంతు. అరుపు కాదు, పాట కాదు. పనిలో ఉన్న మనిషి తనకోసం తాను అనుకునే గొంతు.

లాభం. ఒకటి. రెండు. మూడు.

నేను కదలలేదు. నాలుగు, ఐదు. ఎనిమిది. తొమ్మిది. గాజు చప్పుడు రెండుసార్లు, మొదటిది గట్టిగా, రెండోది మెల్లగా. మళ్లీ తొమ్మిది. పది. మళ్లీ గాజు. మళ్లీ పది.

అప్పుడు నేను చేసింది ఏడుపు కాదు, పరుగు కాదు. జేబులోంచి బస్సు టికెట్టు తీసి వెనక రాయడం మొదలుపెట్టాను. నాకు వచ్చిన పని అదొక్కటే. 9, 10, 23, 37. ముప్పై తొమ్మిది అనగానే గీత అయిపోయింది. సూది ఖాళీ మైనం మీద గీరుతుంటే ఆయన ఎత్తేశాడు. మొత్తం రెండు నిమిషాల ఆరు సెకన్లు. ముప్పై తొమ్మిది అన్నా, లాభం కలుపుకుంటే నలభై పోగులు.

"గింత మెల్లగ మాట్లాడితే గీత ఎట్ల పడ్డదో నాకు తెల్వదు" అన్నాడు ఖాజా సాబ్. "ఏంది తమ్మీ, గట్లున్నవు? నీళ్లు తాగుతవా?"

నేను నాగర్‌కర్నూల్ బస్సు ఎక్కలేదు. రోడ్డు దాటి అవతలివైపు నిలబడి గద్వాల బస్సు ఎక్కాను.

కారణం ఇది. సరోజ చివరగా పడుగు అతికింది చనిపోవడానికి ఎనిమిది రోజుల ముందు. ఆ నూలు నాసిది, బాగా తెగింది. నూలు ఇచ్చినాయనకు చూపిద్దామని, పక్క గదిలో కూర్చుని, గాజు మోగినప్పుడల్లా తను చెప్పిన అంకెను నోట్‌బుక్‌లో రాశాను. తర్వాత తను పోయింది. ఆ నోట్‌బుక్ ట్రంకు పెట్టెలో పడింది. మళ్లీ తెరవలేదు.

ఇంటికి చేరేసరికి నాలుగు కావస్తోంది. చెప్పులు విడవకుండానే పెట్టె తీశాను. మొదటి పుంజం కింద ఒకే వరుసలో నా చేతిరాత: 9, 10, 23, 37, 52, 88.

టికెట్టు పక్కన పెట్టి చాలాసేపు చూశాను. యాభై రెండు, ఎనభై ఎనిమిది గొట్టంలో లేవు. ఉండవు. గొట్టం ముప్పై తొమ్మిది దగ్గరే అయిపోయింది.

లెక్క కట్టకుండా ఉండలేకపోయాను. నలభై పోగుల్లో ఏవైనా నాలుగు తెగడానికి తొంభై ఒక్క వేల మూడు వందల తొంభై తీర్లున్నాయి. వాటిలో ఇది ఒకటి. చాలా అరుదు, కానీ సున్నా కాదు. సున్నా కానిదాన్ని జరగదని నేను అనలేను.

అనుమానాలన్నీ ఒక్కొక్కటిగా చూశాను. మొదటిది, ఇంకెవరైనా ఇట్లా లెక్కపెడతారేమో. మా వీధుల్లో ముప్పై రెండు ఇళ్లు తిరిగి పెద్దవాళ్లను అడిగాను. లాభం అనేవాళ్లు ఉన్నారు. వాళ్లంతా ఆ తర్వాత రెండు అంటారు. గాజు తగిలించే అలవాటు ఎవరికీ లేదు. ఒక ముసలమ్మ, "పోగు తెగితే గాజు మోగిస్తరా? మేమైతే తిట్టేటోళ్లం" అంది.

రెండోది, ఆ అంకెలు నా మనసులో ఎక్కడో ఉండి, గొట్టంలో విన్నట్టు భ్రమపడ్డానేమో. ఇది బలమైన అనుమానం. దీన్ని తేల్చాలంటే ఇంకో మనిషి కావాలి. దానికంటే పెద్ద కారణం కూడా ఉంది, దాన్ని దాచను. ఆ గొంతు సరోజదేనా అన్నది నేను చెప్పలేకపోయాను. లెక్క సరిపోయింది. గొంతును సరిచూసుకోవడానికి మాత్రం నా దగ్గర ఏమీ మిగల్లేదు. మాధవికి అమ్మ గొంతు గుర్తుంటుంది. అది విని చెప్పాలి.

పదిహేను రోజులకు మాధవిని వనపర్తికి రమ్మన్నాను. ఏమిటో చెప్పలేదు. నోట్‌బుక్ సంచిలోనే ఉంచాను. మాధవిని లోపల కూర్చోబెట్టి, ఖాజా సాబ్‌కు మాత్రం బయట నిలబడి ఉన్నదంతా చెప్పాను.  ఆయన లోపలికి పోయి ఒక పాత పుస్తకం తెచ్చాడు.

"ఇది నా బేగం రాసిన లిస్టు. ఆమె పోయి పన్నెండేండ్లాయె. సూడు."

నీలం సిరా, గుండ్రటి అక్షరాలు. పదహారు పాటల వివరాల కింద ఇట్లా ఉంది: "17. పాట కాదు. ఆడమనిషి లెక్క. నడుమ నడుమ గాజు చప్పుడు."

పన్నెండేళ్ల కంటే ముందటి రాత. సరోజ ఆ పడుగు అతికింది ఏడాదిన్నర కింద. ఈ రెండింటినీ ఒకే కాగితం మీద పెట్టే లెక్క నాకు తెలియదు.

"నలభై ఏండ్లు మైకుల దందా చేసిన" అన్నాడాయన పుస్తకం మూస్తూ. "ఊరందర్ని మాట్లాడిపిచ్చిన. బేగం గొంతు ఒక్క టేపుల లేదు."

ఇద్దరం లోపలికి పోయాం. మాధవికి కాగితం, పెన్ను ఇచ్చి, చప్పుడు వినిపించినప్పుడల్లా అంకె రాయమన్నాను.

"ఏంది నాయినా, పరీక్ష పెడుతున్నవా?" అంది నవ్వుతూ.

సూది పెట్టారు. లాభం, ఒకటి అనగానే దాని నవ్వు ఆగిపోయింది. నా వైపు చూడలేదు. తల వంచుకుని రాసింది. ముప్పై తొమ్మిది దాకా. కాగితం నాకిచ్చింది. 9, 10, 23, 37.

 నేను అడగకముందే చెప్పింది.

"గొంతు అమ్మది గాదు నాయినా. గాజు అమ్మదే."

"మంచిగ విన్నవా?"

"మంచిగనే విన్న. అమ్మ గొంతు ఇంకా లావుగుంటది. ఇది ఎవరిదో. కానీ గాజు..." అని ఆగి, తన చేతి గాజును బల్లకు తగిలించింది. గట్టిగా ఒకటి, మెల్లగా ఒకటి. అచ్చం అట్లాగే వచ్చింది. తర్వాత ముఖానికి చున్నీ అడ్డం పెట్టుకుంది.

పాత మైనం మీద గొంతు సన్నబడుతుందని ఖాజా సాబ్ మాకు నచ్చజెప్పాడు. లావు గొంతు కూడా ఈగ రొదలా వినిపిస్తుందన్నాడు. నిజమే కావచ్చు. "ఫోన్ల రికార్డు చేసుకో తమ్మీ, ఇంకోసారి పెడత. ఇంకోసారితోనే ఏం అరిగిపోదు" అన్నాడు.

గొట్టాన్ని కిటికీ దగ్గర వెలుగులో పట్టుకుని చూశాను. సూది నడిచిన దారి కింద పిండిలా సన్నటి తెల్లటి పొడి రాలి ఉంది. నాకోసం రెండుసార్లు తిప్పారు. ఆ పొడి ఆ రెండుసార్లది. ఫోన్ గుర్తొచ్చింది. చోటు కోసం ఖాళీ చేసిన మూడు వందల నలభై గుర్తొచ్చాయి.

"వద్దు సాబ్" అన్నాను. "డబ్బాల పెట్టుండ్రి."

ఆయన పెన్ను తీసి పదిహేడో అంకె దగ్గర పెట్టాడు. "పేరు రాస్త మరి. ఏం పేరు చెప్పు."

మాధవి నా వైపు చూసింది. నాకూ చెప్పాలనే ఉంది. కానీ తొంభై ఒక్క వేల మూడు వందల తొంభైలో ఒకటి పేరు రాసేంత రుజువు కాదు. ఆ గొంతు వాళ్లమ్మది కాదని నా బిడ్డే చెప్పింది. రుజువు లేనిది నేను ఎన్నడూ కాగితం మీద పెట్టలేదు. ఖాళీగా ఉంచమన్నాను. ఆయన పెన్ను మూత పెట్టాడు.

మాధవిని నాగర్‌కర్నూల్ బస్సు ఎక్కించి నేను గద్వాలకు వచ్చేశాను. తనతో రమ్మని అడిగింది. ఇంకోసారి వస్తానన్నాను.

మా మగ్గం ఏడాదికి పైగా ఆగి ఉంది. సరోజ అతికిన పడుగు ఎప్పుడో నేసేశాను. చివరలు మాత్రం అట్లాగే మగ్గంలో వేలాడుతున్నాయి. మర్నాడు పొద్దున కొత్త పడుగు తెచ్చి వాటి ముందు కూర్చున్నాను. అతకడం నాకు సరిగా రాదు. వేళ్లకు బూడిద అద్దుకున్నాను. ఇల్లంతా ఎంత నిశ్శబ్దంగా ఉందంటే, పోగు మెలితిరిగే చప్పుడు కూడా వినిపించింది.

మొదటి పోగు పట్టుకుని లాభం అన్నాను. రెండో పోగుకు, నా జీవితంలో మొదటిసారి, తెలిసి తెలిసి తప్పు లెక్క పెట్టాను. ఒకటి అన్నాను.

తొమ్మిదో అంకె దగ్గర తెగలేదు. పదిహేను దగ్గర తెగింది. చెయ్యి దానంతటదే మగ్గం కట్టె మీదికి పోయింది. నా చేతికి గాజు లేదు. గోటితో రెండుసార్లు కొట్టి, పదిహేను అని మళ్లీ చెప్పి, ముందుకు పోయాను. పుంజం అయ్యేసరికి మధ్యాహ్నం దాటింది. ఎర్రదారం కట్టి లెక్క చూస్తే నూట ఇరవై ఒకటి ఉన్నాయి. కాగితం మీద అంతే రాశాను. ఆ ఒకటి తీసేయలేదు.

టికెట్టు, మాధవి కాగితం, నోట్‌బుక్ మూడూ ఒకే పెట్టెలో ఉన్నాయి. అప్పుడప్పుడు తీసి పక్కపక్కన పెట్టి చూస్తాను. ప్రతిసారీ అవే నాలుగు అంకెలు. ఆ గొట్టంలో లెక్కపెడుతున్నది ఎవరో, ఎప్పుడు లెక్కపెట్టిందో నాకు తెలియదు. దయ్యాలున్నాయని ఇప్పటికీ నమ్మను. ఈ లెక్క మాత్రం ఇంకా తెగలేదు.